ఎండదెబ్బ తగిలితే ముందు నీళ్లు, తర్వాత దవాఖానా

పొలంలోనో వడ్ల కల్లంలోనో ఎండకు మనిషి పడిపోగానే అందరూ ఆటో కోసం ఉరుకుతారు. ఆటో వచ్చేదాకా చెట్టు కింద పడుకోబెట్టి, మొహం మీద నాలుగు చుక్కలు చల్లి, ఉల్లిగడ్డ వాసన చూపిస్తారు. ఆ తర్వాత మండల కేంద్రం దాకా వడగాలిలో ప్రయాణం. ఇంత జరిగినా ఒంట్లో వేడి మాత్రం దిగదు. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ లెక్కలో 104, దాటి ఎంత ఎక్కువసేపు ఉంటే మెదడు, కాలేయం, మూత్రపిండాలు అంతగా దెబ్బతింటాయి. అరగంటలోపు దాన్ని దించగలిగితే బతికే అవకాశం చాలా పెరుగుతుంది. ఆ పని పడిన చోటే మొదలుకావాలి. దానికి కావలసింది నీళ్లు, గాలి, ఇద్దరు మనుషులు.

గుర్తుపట్టేది మాటతోనే

వడదెబ్బను చెమటను బట్టి తేల్చొద్దు. "చెమట పోస్తనే ఉంది, ఎండదెబ్బ కాదు" అనుకోవడం వల్ల ప్రాణాలు పోయాయి. ఇంట్లో ఉక్కలో ఉండి వడదెబ్బ తగిలిన ముసలివాళ్లకు ఒళ్లు పొడిగా, కాలుతూ ఉండొచ్చు. కానీ బస్తాలు మోస్తూ, తట్టలెత్తుతూ పడిపోయిన మనిషికి చెమట ధారలుగా కారుతూనే వడదెబ్బ తగులుతుంది. చూడాల్సింది తెలివి. ఇప్పుడు ఎక్కడున్నావు, ఇవాళ ఏం వారం, పెద్దకొడుకు పేరేంది అని అడగండి. జవాబు తడబడినా, సంబంధం లేకుండా మాట్లాడినా, ఊరికే కోపంతో తోసేస్తున్నా, తూలుతూ నడుస్తున్నా, ఫిట్స్ వచ్చినా వడదెబ్బ కిందే లెక్కకట్టి పని మొదలుపెట్టాలి. చంకలో పెట్టిన థర్మామీటర్ లోపలి వేడికన్నా తక్కువ చూపిస్తుంది, చెమట ఉంటే మరీ తక్కువ. అది 102 చూపించిందని ధైర్యపడి ఆగొద్దు.

తెలివి సరిగ్గా ఉండి, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం మాత్రమే ఉంటే అది వడదెబ్బకు ముందు మెట్టు. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, కాళ్ల కింద ఒక మూట పెట్టి ఎత్తుగా ఉంచి, తల, మెడ తడుపుతూ ఓఆర్ఎస్ నీళ్లు గుక్కగుక్కగా తాగించాలి. అరగంటలో తేరుకోకపోతే, వాంతులు ఆగకపోతే దవాఖానకు తీసుకుపోవాలి. తేరుకున్నా ఆ రోజుకు పని బంద్. "ఇప్పుడు బాగానే ఉన్న" అని మళ్లీ ఎండలోకి దిగితే ఈసారి నిజంగానే వడదెబ్బ తగలొచ్చు.

షుగరు మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడే మనిషి తికమకపడుతుంటే చక్కెర పడిపోయి కూడా ఉండొచ్చు. గ్లూకోమీటర్ దగ్గరుంటే చూడండి. 70 కన్నా తక్కువుండి, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. అదయ్యాక కూడా చల్లార్చే పని ఆపొద్దు.

ఎట్లా చల్లార్చాలి

ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు నీళ్లు మొదలుపెట్టాలి. అంగీ, రవికె, నడుముకు బిగుతుగా ఉన్నవి వదులు చేయాలి. ఆడమనిషి అయితే చుట్టూ చీర అడ్డం పట్టి తడపండి, మొహమాటంతో ఆలస్యం చేయొద్దు. తల నుంచి కాళ్ల దాకా ఒళ్లంతా తడిసేలా బిందెలతో పోయాలి. గుడ్డతో అద్దితే చాలదు. పోస్తూ ఇంకొకరు అట్టముక్కతోనో తువ్వాలతోనో గట్టిగా విసరాలి. నీళ్లు ఒంటి మీద నుంచి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి, గాలి లేకపోతే సగం పనే అవుతుంది.

నీళ్లు ఎక్కడివన్నది చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత కాలుతాయి. మొదట వచ్చే పైపు నీళ్లను వదిలేయాలి. బోరు నీళ్లు, బావి నీళ్లు, కుండ నీళ్లు మంచివి. పొలంలో కరెంటు ఉంటే బోరు పోసే పైపు కిందకి తీసుకుపోవడమే అన్నిటికన్నా త్వరగా అయ్యే పని, మొహం మీద ధార పడకుండా, స్టార్టర్ డబ్బా దగ్గర తడవకుండా చూసుకుంటే చాలు. వయసులో ఉన్న మనిషి కష్టం చేస్తూ పడిపోతే, పశువుల గోలెంలో మెడ వరకు కూర్చోబెట్టడం ఇంకా మేలు. ఇద్దరు చంకల కింద పట్టుకుని తల మునగకుండా చూడాలి. ముసలివాళ్లను, గుండెజబ్బు ఉన్నవాళ్లను గోలెంలో దించొద్దు, వాళ్లకు పోయడం, విసరడం చాలు. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. పెద్ద రక్తనాళాలు అక్కడ చర్మానికి దగ్గరగా ఉంటాయి. తడిబట్ట కప్పి వదిలేయొద్దు. రెండు మూడు నిమిషాల్లో అది ఒంటివేడికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. మార్చి మార్చి తడపాలి.

ఎప్పుడు ఆపాలి? తెలివి తేటపడి, వణుకు మొదలైనప్పుడు. అంబులెన్స్ ముందే వస్తే తడిబట్టలతోనే ఎక్కించి, దారిలోనూ తడుపుతూ పోవాలి.

చేయకూడనివి కొన్ని. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పారాసిటమాల్ గోలీ వడదెబ్బకు పనిచేయదు. జ్వరంలో మెదడే వేడి పెంచుతుంది కాబట్టి ఆ గోలీకి లొంగుతుంది, ఇక్కడ వేడి బయటి నుంచి, కష్టం నుంచి వచ్చింది, పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో భారం. ఇద్దరి మధ్య బైకు మీద కూర్చోబెట్టి తీసుకుపోవద్దు, తల ముందుకు వాలి ఊపిరాడదు. ఉల్లిగడ్డ జేబులో పెట్టుకోవడం, అరికాళ్లకు ఉల్లిరసం రాయడం మన దగ్గర పాత అలవాటు. దాంతో నష్టమేం లేదు, కానీ వేడి దించదు. ఉల్లిగడ్డ కోసం వెతికే రెండు నిమిషాల్లో నాలుగు బిందెలు పోయొచ్చు.

వరంగల్‌లో ఎంజీఎం, జిల్లా కేంద్రాల్లో పెద్ద సర్కారు దవాఖానలు ఉన్నా, ముందు దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే (పీహెచ్‌సీ) పోండి. సెలైన్, మూత్రం గొట్టం, ఆక్సిజన్ అక్కడే మొదలవుతాయి. బతికి బయటపడ్డాక మూడు నాలుగు రోజులు మూత్రం రంగు గమనించాలి. లేత గడ్డి రంగు నుంచి గోధుమ, టీ డికాషన్ రంగుకు మారితే కండరాలు కరిగి మూత్రపిండాలకు అడ్డుపడుతున్నాయని అర్థం, వెంటనే మళ్లీ పోవాలి. కనీసం వారం దాకా ఎండ పని వద్దు. ఒకసారి వడదెబ్బ తగిలిన ఒళ్లు కొన్ని వారాల వరకు వేడికి తట్టుకోదు.

ప్రాణం పోయిన ఇంటికి ఇది తెలిసి ఉండాలి: 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ఖరారు చేసింది. చావుకు కారణం అధికారికంగా తేలాలి కాబట్టి పోలీసులకు, తహసీల్దార్‌కు చెప్పకుండా దహనం చేస్తే తర్వాత రుజువు ఉండదు.

పని చేసేవాళ్లకు గడియారమే మందు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నిజమే. కానీ ఒళ్లు అలవాటు పడకముందు వచ్చే మొదటి ఎండలూ అంతే ప్రమాదం. వేడికి ఒళ్లు సర్దుకోవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ లోపు చెమట ఆలస్యంగా పడుతుంది, పట్టినా ఉప్పు ఎక్కువ పోతుంది. హైదరాబాద్‌లో ఏసీ కింద చదువుకుని సెలవులకు వచ్చి, సర్కారు వడ్లు కొనే ఐకేపీ కల్లంలో బస్తాలు ఎత్తే పిల్లగాడికి, జ్వరం నుంచి లేచి తునికాకు కోతకు పోయే మనిషికి, ఉపాధి హామీకి కొత్తగా వచ్చిన కూలీకి ఇది ముఖ్యం. కొత్తవాళ్లు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే చేసి, రోజుకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. పాతవాళ్లు మధ్యలో పని మాని మళ్లీ వస్తే సగంతో మొదలుపెట్టాలి. మేస్త్రీలు, ముఠా పెద్దలు ఇది వింటే చాలా ఇండ్లు నిలబడతాయి.

వార్తల్లో చెప్పే 44, 45 డిగ్రీలు నీడలో కొలిచినవి. రామగుండం, భూపాలపల్లి ఓపెన్ కాస్టు బొగ్గుగనుల అంచున, కరీంనగర్ గ్రానైట్ క్వారీలో, వరంగల్ ఎనుమాముల మార్కెట్ సిమెంటు గచ్చు మీద మనిషికి తగిలే వేడి అంతకన్నా ఎక్కువ. కాబట్టి పొద్దున 6 నుంచి 11 లోపు బరువు పని ముగించి, సాయంత్రం 4 తర్వాత మళ్లీ దిగాలి. మధ్యాహ్నం తప్పదనుకుంటే ఇరవై ఐదు నిమిషాల పనికి పది నిమిషాల నీడ. ఒంటరిగా మాత్రం ఎవరూ పని చేయొద్దు. తెలివి తప్పేది తనకు తెలియదు, పక్కవాడే గమనించాలి.

బట్టల విషయంలో మన ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల నిండుచేతుల అంగీ వేసుకుని పొలానికి పోవడం చాలా మంచి పద్ధతి. వదులుగా, నూలుదై, లేత రంగుదై ఉంటే చాలు. తలకు రుమాలు తడిపి చుట్టుకోవాలి, అరగంటకోసారి మళ్లీ తడపాలి.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్లు, బీడీలు చుట్టే ఇండ్లు నీడలోనే ఉన్నా ఉక్క ఎక్కువ. తంబాకు ఎగురుతుందని ఫ్యాను ఆపుకుని కూర్చునేవాళ్లు మెడకు తడి తువ్వాల వేసుకుని, గంటకోసారి బయట నీడలో గాలికి లేవాలి. రేకుల షెడ్డుకు ఎదురెదురుగా కిటికీలు తెరవకపోతే మిషన్ల వేడి లోపలే తిరుగుతుంది.

ఎన్ని నీళ్లు, ఎంత ఉప్పు

ఎండలో కష్టం చేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోతుంది. ఇంటి నుంచి కదిలే ముందే రెండు గ్లాసులు తాగి, పనిలో ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్లు తాగాలి. దాహం అయ్యేదాకా ఆగితే అప్పటికే ఒళ్లు ఎండిపోవడం మొదలైనట్టే. ఒక్కసారి లీటరు దించేస్తే ఒంటికి పట్టదు, కడుపు ఉబ్బుతుంది. గంటకు లీటరున్నర మించితే కూడా చేటే: ఉప్పు పోతుండగా ఉత్త నీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తాయి.

రెండు గంటలకు మించి చెమట కారే పని చేస్తే ఉత్త నీళ్లతో పాటు ఓఆర్ఎస్ కావాలి. పెద్ద పొట్లాన్ని పూర్తిగా ఒక లీటరు నీళ్లలో కలపాలి. చిన్న పొట్లాలు 200 మిల్లీలీటర్లకు, పొట్లం మీద రాసి ఉంటుంది, చదవండి. సగం పొట్లం సగం చెంబులో అంటే లెక్క తప్పుతుంది, లోపల ఉప్పు, గ్లూకోజు సమంగా కలిసి ఉండవు. చక్కెర కలపొద్దు, కలిపాక వేడి చేయొద్దు, 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లాలు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి, గుప్పలా తీస్తే ఉప్పు రెట్టింపవుతుంది. రుచి కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో పొట్లాలు ఊరికే ఇస్తారు. ఎండకాలం మొదట్లోనే నాలుగైదు తెచ్చి ఉంచుకోండి.

దుకాణాల్లో అట్టడబ్బాల్లో ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన తీపి పళ్లరసాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, విరేచనాలైన పిల్లలకు ఇస్తే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ మాట వాడొద్దని ఆదేశించింది. అసలు పొట్లం మీద లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు అని ఉంటుంది. అది చూసి కొనండి.

ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఇంత ఉప్పు అక్కర్లేదు. బీపీ ఉన్నవాళ్లు సల్లలో ఉప్పు లేకుండానో చిటికెడుతోనో తాగాలి. గ్లాసుకు పావు చెంచా చొప్పున రోజుకు నాలుగు గ్లాసులు తాగితే, రోజంతటికీ మించకూడని 5 గ్రాముల ఉప్పు సల్లలోనే అయిపోతుంది.

తైద (రాగి) అంబలి ఎండకు నిజంగా మంచి తిండి, నీళ్లు, పిండి, ఉప్పు మూడూ ఒకేసారి అందుతాయి. మనిషికి రెండు పెద్ద చెంచాల తైద పిండి రాత్రి గ్లాసు నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున రెండు గ్లాసుల ఎసరులో ఉండలు కట్టకుండా పోసి, కలుపుతూ పది నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లారాకే సల్ల కలపాలి. వేడి మీద కలిపితే విరుగుతుంది. మక్క గట్క, సల్ల కలిపిన సద్దన్నం కూడా ఇదే పని చేస్తాయి. పొద్దున ఖాళీ కడుపుతో ఎండలోకి పోవడం మాత్రం మానాలి. బీరు, కల్లు దాహం తీర్చినట్టు అనిపిస్తాయి కానీ మూత్రం ఎక్కువ పోయించి ఒంట్లో నీళ్లు తగ్గిస్తాయి. మత్తుమందు కలిపిన కల్లు తాగి ఎండలో పడుకున్న మనిషికి ఒళ్లు కాలుతున్నది కూడా తెలియదు.

మూత్రం లేత గడ్డి రంగులో ఉండి, నాలుగు గంటలకోసారైనా వస్తుంటే నీళ్లు సరిపోయినట్టు. ఇక్కడ ఆడవాళ్ల కష్టం ఒకటి ఉంది. పని జాగాలో మరుగు లేక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటారు. మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్లు, వడదెబ్బ మూడూ అక్కడి నుంచే వస్తాయి. మేట్లు, కల్లం నడిపేవాళ్లు నాలుగు కర్రలు పాతి చీరలు కట్టి మరుగు చేయించాలి. నీళ్ల డ్రమ్ము ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

ఆరు నెలల లోపు తల్లిపాలు తాగే పిల్లకు ఎంత ఎండైనా నీళ్లు పట్టొద్దు. తల్లి ఎక్కువ తాగి, పిల్లకు తరచుగా పాలివ్వాలి. ముసలివాళ్లకు దాహం సరిగ్గా తెలియదు, అడిగితే వద్దంటారు. అడగకుండా గంటకో అర గ్లాసు చేతికివ్వండి. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఎండకాలం లెక్క డాక్టర్‌ను అడిగి మార్చుకోవాలి.

రోజూ వేసుకునే మందులు

బీపీకి, గుండెకు, కాళ్లవాపుకు ఇచ్చే నీటి మాత్రలు, షుగరుకు ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంతో నీళ్లు తోడేస్తాయి. కొన్ని మానసిక జబ్బుల మందులు, జలుబు గోలీలు చెమట పట్టనీయవు. వీటిని సొంతంగా మానొద్దు. మార్చి నెలలోనే చీటీ తీసుకుపోయి ఎండకాలానికి మోతాదు సరిపోతుందో లేదో చూపించుకోవాలి. నిలబడగానే కళ్లు తిరుగుతుంటే ఆ పని వెంటనే చేయాలి.

ఇన్సులిన్ సీసా తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల్లో, ఫ్రిజ్ తలుపులోనో కింది అరలోనో ఉండాలి. గడ్డకట్టితే మళ్లీ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా చల్లటి గదిలో నాలుగు వారాలు ఉంటుందంటారు, కానీ మే నెలలో మన గదులే 38 దాటుతాయి. ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దింపి, సీసాను మూత గట్టి డబ్బాలో పెట్టి అందులో ఉంచండి. ఇసుకను పొద్దున, సాయంత్రం తడపాలి, కుండ గాలి తగిలే నీడలో ఉండాలి.

ఇల్లు, రాత్రి

పగలు పట్టిన వేడిని ఒళ్లు రాత్రి వదిలించుకోవాలి. స్లాబు రాత్రి రెండు దాకా వేడి వదులుతూ ఉంటే ఒళ్లు తేరుకోదు, తెల్లారి ఎండకు త్వరగా పడిపోతుంది. స్లాబు మీద తెల్ల సున్నం రెండు పూతలు, మొదటిది పూర్తిగా ఆరాక రెండోది, శివరాత్రి దాటగానే వేయాలి. ముందు దుమ్ము కడిగి పగుళ్లు పూడ్చకపోతే పెచ్చులూడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే. రేకుల ఇంటికి పైన తాటాకు, లోపల చాపల కప్పు పనిచేస్తాయి.

గది వేడి 40 దాటినప్పుడు ఫ్యాను చల్లబరచదు, వేడిగాలిని ఒంటికి కొడుతుంది. అప్పుడు ఒళ్లు తడుపుకుని, తడి తువ్వాల కప్పుకుని ఫ్యాను కింద కూర్చోవాలి. కూలర్‌ను గది లోపల పెట్టి తలుపులన్నీ మూస్తే గంటలో ఉక్క పట్టి చెమట ఆరదు. దాని వెనుక భాగం కిటికీ బయటికి ఉండాలి, ఎదురు కిటికీ జానెడైనా తెరిచి ఉండాలి. నీళ్లు వారానికోసారి పూర్తిగా వంచేసి, తొట్టి గోడల్ని పీచుతో రుద్ది, ఎండనిచ్చి మళ్లీ నింపాలి. డెంగీ దోమ గుడ్లు నీళ్ల అంచున గోడకు అంటుకుని ఉంటాయి, ఉత్తగా నీళ్లు మారిస్తే పోవు. జూన్‌లో వానలు పడగానే కూలర్‌ను మూలకు నెట్టేసేవాళ్లు ఆ రోజే అడుగు నీళ్లు కూడా తీసేసి, గడ్డి మ్యాట్లు విప్పి ఎండబెట్టాలి.